పైస్తంభం: తీయలేదు

ఏప్రిల్ 6, ఆదివారం

పాత పుస్తకం నిండిపోయింది. కొత్తదానిలో పట్టిక మొదటి నుంచి రాసుకోవాలి. నాకోసం రాసుకునేదే అయినా పద్ధతి పద్ధతే.

కొలతలన్నీ గుర్తురాయి నుంచి. గుర్తురాయి అంటే పెరట్లో ఉన్న నడుమెత్తు రాయి. ముప్పై నాలుగేళ్ళ కిందట, ఇల్లు కట్టిన ఏడాది, మా వారు దాని నెత్తిన ఉలితో కూడిక గుర్తు చెక్కారు. సర్వేయరు కదా, తలుపులు బిగించకముందే కొలతలకు మొదలు ఎక్కడో తేల్చుకున్నారు. కొండవాలు మీద ఇల్లు కట్టుకున్నవాడు వాలును నమ్మకూడదు, కొలుచుకుంటూ ఉండాలి అనేవారు. ఆయన పోయాక ఆ పని నాది.

వెనక గడపకు: 6 మీటర్ల 114 మిల్లీమీటర్లు. మార్పు లేదు.
కుళాయి దిమ్మెకు: 9 మీటర్ల 870. మార్పు లేదు.
పక్క సందులోంచి వీధి దీపం స్తంభానికి: 17 మీటర్ల 402. మార్పు లేదు.
కుట్టుగది గోడలో బీట: ఒకటిన్నర మిల్లీమీటరు. గోడ పూత ఎండటం వల్ల.
కొండ మీద పాతిన పైస్తంభం నుంచి గుర్తురాయికి: తీయలేదు. మోకాళ్ళు.

ఏప్రిల్ 9, బుధవారం

కోడలు కుట్టుగదిలో దారం రీళ్ళు ఎక్కడపడితే అక్కడ పడేస్తోంది. ఈరోజు మూడు, మంచం కింద, కిటికీ వైపు గోడ మూలన. ఏరి ఇస్తే, "నేను పడెయ్యలేదు అత్తయ్యా. జారితే అవే అటు దొర్లుకుంటూ పోతున్నాయి" అంది. మనవరాలికి అది ఆటయింది. ఆరేళ్ళ పిల్ల, రీలును గుమ్మం దగ్గర వదిలి కిటికీ దగ్గర పట్టుకుంటోంది. "నానమ్మా, దీనికి దారి తెలుసు!"

చేతిలో వస్తువు నేలమీద పడకుండా పట్టుకోవడం నేర్చుకుంటే ఈ విడ్డూరాలు ఉండవు.

ఏప్రిల్ 13, ఆదివారం

అన్నీ అవే అంకెలు. బీట: రెండు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ.
పైస్తంభం: తీయలేదు.

బీటకు అడ్డంగా గాజుపలక అతికించాను. బడిలో సూక్ష్మదర్శినికి వాడే సన్నపలక. గోడ కదిలితే ముందు గాజు పగులుతుంది. కొడుకు చూసి, "అమ్మా, మనిల్లు పరీక్ష రాస్తోందా?" అన్నాడు. వెటకారం వాళ్ళ నాన్న పోలిక.

ఏప్రిల్ 22, మంగళవారం

పట్టణ కార్యాలయం నుంచి ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చెప్పులు గుమ్మం బయట విడిచింది, మంచి పెంపకం. సంగతి ఏమిటంటే, కింద రోడ్డు వెడల్పు చేయడానికి పోయిన ఏడాది కొండ పాదం తవ్వారు. వాగు కూడా అక్కడే కోస్తోంది. మన వీధి కింద ఎక్కడో బంకమట్టి పొర ఉంది, వానకు నానితే జారుతుంది. ఉపగ్రహం ఫొటోల్లో ఈ వాలు కదులుతున్నట్టుంది. కాబట్టి పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ వానాకాలం మూడు నెలలూ వాగు అవతలి బడిలో ఉండాలట.

"ఆకాశం నుంచి చూస్తే మా గడప కనపడిందా అమ్మాయ్?" అన్నాను.

నవ్వింది, కోపం తెచ్చుకోలేదు. పుస్తకం చూపించమంది. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది. చివరి వరుస దగ్గర ఆగింది.

"పైస్తంభం ఎక్కడుందండీ?"

"నీళ్ళ ట్యాంకుకు పోయే పాత మెట్ల దారిలో. కొత్త రోడ్డు వేశాక అటు ఎవరూ పోవడం లేదు."

"ఎన్నాళ్ళ నుంచి తీయలేదు?"

"మోకాళ్ళు."

"నేను ఎక్కి తీయనా? టేపు ఇస్తే..."

"అది ఇద్దరు చేసే పని. మా వారి టేపు పరాయి చేతికివ్వను."

ఆ పిల్ల పుస్తకం మూసి నాకిచ్చింది. కాఫీ పూర్తిగా తాగి, కప్పు తనే కడిగిపెట్టి వెళ్ళింది.

ఏప్రిల్ 23, బుధవారం

ముప్పై ఒక్క ఏళ్ళు భూగోళం చెప్పినదాన్ని. కొండ కదలదని నేను ఎలా అంటాను? ఖండాలే కదులుతున్నాయి. వేలిగోరు పెరిగేంత నెమ్మదిగా, పలకల మీద పలకలు ఒరుసుకుంటూ పోతున్నాయి. ఏటా మొదటి పాఠం నాడు పిల్లలతో గోళ్ళు చూసుకోమనేదాన్ని. ఈ కొండ కొమ్మున దొరికిన గవ్వ ముద్రల రాయి బల్లమీద పెట్టి, "ఇది సముద్రం అడుగున ఉండేది. ఇంత ఎత్తుకు ఎవరు మోసుకొచ్చారు?" అని అడిగేదాన్ని. ఒక్కడైనా "మీరేనండీ" అనేవాడు. తరగతంతా నవ్వేది. అప్పుడు చెప్పేదాన్ని: కిందనుంచి నెట్టేది నెడుతుంటుంది, పైనుంచి వానా గాలీ అరగదీస్తుంటాయి, ఈ రెంటి మధ్య తేడానే మనం నిలబడ్డ నేల.

కదులుతుంది. కానీ లక్షల ఏళ్ళ లెక్కలో. మా వీధి సంగతి పుస్తకంలో ఉంది.

మే 4, ఆదివారం

గడప, దిమ్మె, దీపం స్తంభం: మార్పు లేదు. బీట: రెండున్నర.
పైస్తంభం: తీయలేదు.

సాయంత్రం బేకరీ ముందు వీధంతా కూడింది. వెళ్ళాలా వద్దా అని. బేకరీ అతను మా ఎదురింటివాడే, నా దగ్గర ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాడు. "టీచరమ్మ ఏమంటే అదే. పుస్తకం ఆవిడ దగ్గరుంది" అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నేను ఉన్నదే చెప్పాను: గుర్తురాయి నుంచి పదకొండేళ్ళుగా ఒక్క మిల్లీమీటరు కూడా మారలేదు అని.

కార్యాలయానికి ఉత్తరం నేనే రాశాను. కొలతల పట్టిక జతచేశాను. మూడు వరుసల పట్టిక. ఇంటికొకటి చొప్పున పద్నాలుగు సంతకాలు, మొదటిది నాది. కొడుకు కూడా పెట్టాడు, అక్కర్లేకపోయినా. కోడలికి కాగితం ఇస్తే తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"నాకు సంతకం రాదనుకోకండి. వచ్చు. పెట్టను."

పదిమందిలో. పదో తరగతి గట్టెక్కలేదు గానీ పొగరుకు తక్కువ లేదు.

బేకరీ అతను మాట తప్పించడానికి, "మా పొయ్యి బూడిద పాత మెట్ల దగ్గర గుంటలో పోస్తున్నాను టీచరమ్మా. రెండేళ్ళుగా పోస్తున్నా నిండి చావట్లేదు. మీ భూమికి ఎంత ఆకలో" అన్నాడు. దారిలో చెత్త పోయడం తప్పని చెప్పాను.

మే 20, మంగళవారం

జవాబు వచ్చింది. నివాసుల అభ్యంతరం, సమర్పించిన కొలతలు దృష్టిలో పెట్టుకుని తరలింపు వాయిదా వేశారట. బేకరీ నుంచి పెద్ద రొట్టె వచ్చింది, ఇంకా వేడిగా. అందరం తిన్నాం. కోడలు మనవరాలి మంచం కుట్టుగదిలోంచి ముందుగదిలోకి మార్చుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

జూన్ 1, ఆదివారం

అంకెలు అవే. గాజుపలక పగిలింది. చీపురు తగిలి ఉంటుంది.
పైస్తంభం: తీయలేదు.

జూన్ 5, గురువారం

కొత్త గాజుపలక అతికించాను. కుట్టుగది ఇకమీద నేనే ఊడుస్తానని చెప్పాను. చీపురు నా గదిలో పెట్టుకున్నాను.

జూన్ 8, ఆదివారం

రెండో గాజుపలక పగిలింది. చీపురు నా దగ్గరే ఉంది.
పైస్తంభం: తీయలేదు.

జూన్ 11, బుధవారం

వాన ఈసారి ముందే పట్టుకుంది. రెండు రోజులుగా వదలడం లేదు. వెనక తలుపు పడటం లేదు. కొడుకు భుజం పెట్టి నెట్టినా అరంగుళం దూరంలో ఆగిపోతోంది. చెక్క ఉబ్బింది. కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి.

జూన్ 13, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం కోడలు కుట్టు ఆపి నా దగ్గరకు వచ్చింది. మెడలో బట్ట టేపు, చేతిలో ఇనుప స్కేలు.

"అత్తయ్యా, ఒక్కటి అడుగుతాను. తిట్టకుండా వింటారా?"

"తిట్టేది అడక్కుండా అడుగు."

"ఈ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిందని నాకు తెలీదు. కొలత అంతా సరిగ్గానే కనిపిస్తుంది. జాకెట్టు వేసుకున్నాక గానీ బయటపడదు. అందుకే నెలకోసారి దీన్ని ఇనుప స్కేలు పక్కన పెట్టి చూసుకుంటాను. తేడా వస్తే పారేస్తాను." కాస్త ఆగింది. "మీరు అన్నీ ఆ రాయి నుంచి కొలుస్తున్నారు. ఆ రాయిని దేని పక్కన పెట్టి చూస్తున్నారు?"

"అది రాయి. గుడ్డపీలిక కాదు."

"ఇల్లూ రాయీ దీపం స్తంభం అన్నీ కలిసి కదిలితే? ఒకే బస్సులో కూర్చున్నవాళ్ళ మధ్య దూరం ఏం మారుతుంది అత్తయ్యా?"

"మీ మామయ్యగారు చెక్కిన గుర్తది. నువ్వు ఆయన్ని చూసైనా ఎరగవు."

"చూళ్ళేదు. కానీ ఆయన పట్టికలో ఇంకో వరుస పెట్టారుగా. ఊరికే పెట్టరుగా?"

బయటికి పొమ్మన్నాను. పోయింది. మిషను చప్పుడు చాలాసేపు వినపడలేదు.

జూన్ 14, శనివారం

మాట్లాడలేదు. ఆవిడ కంచంలో అన్నం పెట్టి మిషను ముందుకు పోయింది.

జూన్ 15, ఆదివారం

గడపకు: 6 మీటర్ల 114.
దిమ్మెకు: 9 మీటర్ల 870.
దీపం స్తంభానికి: 17 మీటర్ల 402.
బీట: అయిదు.
పైస్తంభం:

జూన్ 16, సోమవారం

నిన్నటి వరుస పూర్తి చేయలేదు. మోకాళ్ళు అని రాయడానికి చెయ్యి రాలేదు. నా మోకాళ్ళు ఎలా ఉన్నాయంటే, రోజూ బజారుకు పోయి వస్తున్నాను. డాబా మెట్లు ఎక్కి బట్టలు ఆరేస్తున్నాను.

పదకొండేళ్ళ కిందట, మార్చి 9, ఆదివారం. పైస్తంభం దగ్గర ఆయన, గుర్తురాయి దగ్గర టేపు కొస పట్టుకుని నేను. ఏటా ఒకసారి తీసేవాళ్ళం. పైస్తంభం కొండ అసలు రాయిలో పాతింది, దానికి గుర్తురాయి ఎంత దూరంలో ఉందో ముందు చూడాలి, ఆ తర్వాతే ఇంటి కొలతలు అనేవారు. ఇరవై రెండేళ్ళూ 41 మీటర్ల 320 వచ్చింది. ఎండకు ఒకటి, మహా అయితే రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ.

ఆ రోజు పైనుంచి చదివారు: 327.

"మళ్ళీ చూడండి" అన్నాను. మళ్ళీ 327. మూడోసారి కూడా. ఏడు మిల్లీమీటర్లు. వేలిగోరు రెండు నెలల్లో పెరిగేంత.

అప్పటికి ఆయనకు కంట్లో శుక్లం మొదలైంది. ఉప్పు డబ్బా అనుకుని సోడా వేస్తున్నారు. చేతులు కూడా వణుకుతున్నాయి. దిగి వచ్చాక, "మీకు అంకెలు కనపడటం లేదండీ. 320 అయి ఉంటుంది" అన్నాను. పుస్తకం నా చేతిలో ఉంది. 320 అని వేశాను.

ఆయన వాదించలేదు. టేపు నెమ్మదిగా చుట్టి నాకిచ్చారు. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తర్వాత నాలుగు నెలలే ఉన్నారు. టేపు ఒక్కసారి కూడా అడగలేదు.

పిల్లల పేపర్లలో ఒక్క అంకె మారిస్తే బల్లెక్కించి నిలబెట్టినదాన్ని. నా పుస్తకంలో ఆ ఒక్క అంకె చూసినది కాదు. అది తప్పని తెలియకుండా ఉండటానికే పదకొండేళ్ళుగా పైకి ఎక్కలేదు. ఎక్కితే రెండింటిలో ఒకటి తేలుతుంది. ఆయన కళ్ళు పోయాయా, నా అంకె పోయిందా.

ఉత్తరంలో నాలుగో వరుస కావాలనే వదిలేశాను. పద్నాలుగు ఇళ్ళు.

జూన్ 17, మంగళవారం

ఉదయం వాన కాస్త తెరిపిచ్చింది. బీరువా తీసి టేపు తెచ్చి కుట్టు మిషను మీద పెట్టాను.

"కొస ఎలా పట్టుకోవాలో నేర్పిస్తాను. రా" అన్నాను.

కోడలు నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బీలో గుచ్చింది. చేతులు తుడుచుకుని లేచింది.

ఆవిడను గుర్తురాయి దగ్గర ఉంచి, నేను ఎక్కాను. డెబ్బై రెండు మెట్లు. చేతికర్రతో, లెక్కపెట్టుకుంటూ. నలభై ఆరో మెట్టు దాటాక నలభై ఏడో మెట్టు ఉండవలసిన చోట లేదు. మోకాలెత్తు పైన ఉంది. మధ్యలో సందు, జానెడు పైమాటే. అటూ ఇటూ గడ్డిలోకి వంకరగా సాగిపోయింది, నెలవంకలా, మా వీధి మొత్తాన్ని ఒళ్ళో పెట్టుకున్నట్టు. సందులో బూడిద. తడి బూడిద. బేకరీ అతని ఆకలి గుంట అదే. కర్ర దించాను. కర్ర మొత్తం దిగింది, అడుగు తగల్లేదు.

అక్కడినుంచే వెనక్కి తిరిగిపోవచ్చు. చూడవలసింది చూశాను. కానీ కొలత తీయకుండా దిగితే మళ్ళీ నా మాటే అవుతుంది, అంకె కాదు. గడ్డి పట్టుకుని, సిగ్గుపడకుండా చేతులమీద పాకి ఆ మెట్టెక్కాను.

పైస్తంభం అలాగే ఉంది, నాచు పట్టి. దాన్ని పాతిన రాతి పొరలు చూశాను. దొంతరలు దొంతరలుగా అన్నీ కొండ లోపలికి వాలి ఉన్నాయి, బీరువాలో పుస్తకాలు ఒక పక్కకు ఒరిగినట్టు. అప్పుడు గుర్తురాయి గుర్తొచ్చింది. దాని చారలు నిటారుగా ఉంటాయి. ఒకే కొండకు చెందిన రాయి అయితే పొరలు ఒకేవైపు వాలాలి. అది కొండ ఎముక కాదు. ఎప్పుడో పైనుంచి దొర్లివచ్చి మట్టిలో కూరుకుపోయిన బండ. ఇది ఏడో తరగతి పాఠం. ఆ రాయికి ఆనుకుని కూర్చుని ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దాను. దాని చారలు ఎటున్నాయో చూడలేదు. ఆయనా చూడలేదు. కానీ ఆయన అనుమానం కోసం ఒక వరుస పెట్టుకున్నారు.

కిందనుంచి కోడలి గొంతు. "అత్తయ్యా, లాగుతున్నారా పీకుతున్నారా? నా చేతులు కోస్తోంది!"

"కొస కూడిక గుర్తు మీదే ఉందా?"

"మీద పెట్టి బొటనవేలితో నొక్కాను. కదిలితే నా వేలు కూడా కదలాలి!"

ఆయన చేసినట్టే స్ప్రింగ్ కాటా తగిలించి, అయిదు కిలోల లాగు దగ్గర ఆపి చదివాను. నా కళ్ళకు ఆపరేషన్ అయింది. అంకెలు అద్దంలో ఉన్నట్టున్నాయి. మూడుసార్లు చదివాను.

పైస్తంభం నుంచి గుర్తురాయికి: 41 మీటర్ల 561.

రెండు వందల నలభై ఒక మిల్లీమీటర్లు. ఒకే బస్సు.

దిగి వచ్చేసరికి కోడలు మెట్ల దగ్గర నిలబడి ఉంది. అంకె చెప్పాను. ఆవిడ మెడలో టేపు తీసి, ఇరవై నాలుగు సెంటీమీటర్లు వేళ్ళతో పట్టుకుని చూసింది. "పిల్ల గౌనుకు భుజం నుంచి నడుము దాకా" అంది.

ఇంజనీరుకు ఫోను చేశాను. "చివరి వరుస తీశాను" అన్నాను. "గంటలో వస్తాను మేడం, ఈలోపు అందరికీ చెప్పండి" అంది. ఇన్నాళ్ళూ ఎందుకు తీయలేదని అడగలేదు.

జూన్ 18, బుధవారం

నిన్న సాయంత్రమూ ఈరోజూ ఇంటింటికీ తిరిగాను. పదమూడు గుమ్మాలు. ప్రతి గుమ్మంలో అవే మాటలు: ఉత్తరంలో నేను రాసింది తప్పు. ఒక వరుస దాచాను. రాయే కదులుతోంది. బయలుదేరండి. మూడో ఇంటి దగ్గర గొంతు పట్టేసింది. అక్కడి నుంచి కోడలు చెప్పింది, నేను పక్కన నిలబడ్డాను. నేను పక్కన లేకపోతే నమ్మరు కదా.

కొందరు కోప్పడ్డారు. న్యాయమే. ఒకామె, "మీ మాట మీద పైకప్పు వేయించుకున్నాం" అని తలుపు మొహం మీదే వేసింది. పడలేదు, తలుపు సగంలో ఆగింది. ఆవిడే దానివంక చూసి లోపలికి పోయి సామాన్లు సర్దుకుంది.

ఆఖరు బేకరీ.

"సంతకం పెట్టించింది మీరేగా టీచరమ్మా?"

"నేనే. తప్పు నాది."

"బడిలో మీరు తప్పు ఒప్పుకోవడం ఎప్పుడూ చూళ్ళేదు."

"ఎప్పుడూ చెయ్యలేదు కాబట్టి."

"చేసే ఉంటారు. చెప్పే ధైర్యం మాకెక్కడేడ్చింది?" నవ్వాడు గానీ కదల్లేదు. పిండి కలిపి పెట్టాడట, పొంగుతోందట, పొయ్యి రాజుకుందట, రేపు చూద్దామట.

"నీ బూడిద గుంటలో నా కర్ర మునిగింది. అడుగు లేదు" అన్నాను.

అతని మొహంలో నవ్వు పోయింది. రెండేళ్ళుగా తను ఎన్ని బస్తాలు పోశాడో లెక్కేసుకుంటున్నాడని తెలిసింది. నేను అతని పొయ్యి ముందు ఎత్తుపీట మీద కూర్చున్నాను.

"నువ్వు లేస్తే నేను లేస్తాను."

"బల్లెక్కించి నిలబెట్టారు అప్పుడు. ఇప్పుడు మీరే ఎక్కారు" అని గొణుక్కుంటూ పిండి గంగాళం ఎత్తుకున్నాడు. దాని మీద తడిగుడ్డ కప్పి, పిల్లను మోసినట్టు మోసుకుంటూ వాగు దాటాడు.

జూన్ 19, గురువారం

బడి. నా పాత తరగతి గదే. మనవరాలు నల్లబల్ల కింద పడుకుంది. ఇక్కడ నేల మీద రీలు వదిలింది. కదల్లేదు. "ఇది దారి మర్చిపోయింది నానమ్మా" అంది.

ఇంజనీరు వాలు అంతా కొలిచే పరికరాలు పెట్టింది. కిటికీలోంచి చూస్తే మా వీధి మొత్తం కనపడుతుంది. ఎప్పటిలాగే నిటారుగా ఉంది. ఈ దూరం నుంచి ఏ వంకా కనపడదు.

జూన్ 22, ఆదివారం

ఆదివారం. కొలతలు తీయలేదు. చేతులకు పని లేక కోడలికి గుండీలు కుట్టిపెట్టాను. ఒకటి విప్పి మళ్ళీ కుట్టింది. చూడనట్టు ఊరుకున్నాను.

బేకరీ అతను మొహం ముడుచుకునే ఉన్నాడు. నాలుగు రోజులైంది, ఏమీ కాలేదని ఇద్దరు ముగ్గురు ఇళ్ళకు పోదామంటున్నారు. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను.

జూన్ 25, బుధవారం

సాయంత్రం నాలుగూ నలభైకి.

ముందు చప్పుడు. పక్క తరగతిలో ఎవరో బల్ల ఈడుస్తున్నట్టు. అందరం కిటికీల దగ్గరకు వెళ్ళాం. వీధి కదిలింది. ఇళ్ళు కూలలేదు, మొదట కూలలేదు. వీధి వీధంతా, వరసగా, నిలబడే కిందికి దిగడం మొదలుపెట్టింది. దీపం స్తంభం, మా గడప, కుళాయి దిమ్మె, పెరట్లో గుర్తురాయి. వాటి మధ్య దూరం ఏమీ మారలేదు. కొన్ని క్షణాలు, నేను చూశాను, అన్నీ నా పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. తర్వాత వాగు దగ్గర ముందు ఇళ్ళు మడతపడ్డాయి. వెనకవి వాటి మీదికి వచ్చాయి. ఆ తర్వాత ఎర్రమట్టి తప్ప ఏమీ కనపడలేదు.

కొడుకు గుంపును లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. అరవై ఒక్కరు. మళ్ళీ పెట్టాం. అరవై ఒక్కరు. పద్నాలుగు ఇళ్ళకు సరిపోయింది.

బేకరీ అతను చాలాసేపు తన పొయ్యి ఉన్న చోటుకేసి చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి బడి వంటగదిలో పిండి తీశాడు. చీకటి పడేలోగా రొట్టె వచ్చింది.

జూన్ 29, ఆదివారం

వాన లేదు. కోడలిని వెంటబెట్టుకుని అవతలి వైపునుంచి కొత్త రోడ్డు మీదుగా పైస్తంభం దగ్గరకు వెళ్ళాను. ఇంజనీరు అనుమతి ఇచ్చింది, తానూ వచ్చింది. ఆ సందుకు ఇంకా పైన, స్తంభం కింద నాలుగు మెట్ల దూరం దాకా కొండ తెగిపోయి ఉంది. ఆ తెగిన మొహంలో పొరలు కనపడుతున్నాయి, ముప్పై ఒక్క ఏళ్ళు నల్లబల్ల మీద రంగు సుద్దలతో గీసినవి: పైన మట్టి, దాని కింద విరిగిన రాళ్ళు, వాటి కింద నల్లగా మెరుస్తూ బంకమట్టి, అడుగున కదలని రాయి. కొత్తగా తెరిచిన పుస్తకంలా ఉంది. అందంగా ఉందని రాయడానికి మనసొప్పడం లేదు గానీ, ఉంది.

గడపకు: కొలవడానికి గడప లేదు.
దిమ్మెకు: లేదు.
దీపం స్తంభానికి: లేదు.
పైస్తంభం నుంచి గుర్తురాయికి: రాయి లేదు.

పుస్తకాలన్నీ బడికి వచ్చేటప్పుడే తెచ్చాను. పాతదానిలో ఆ ఏడాది పేజీ తీశాను. మార్చి 9. తప్పు అంకె చెరిపెయ్యకూడదు, తప్పు ఏమిటో కనపడాలి అని పిల్లలకు చెప్పేదాన్ని. 320 మీద ఒక్క గీత గీశాను. పైన ఎర్రసిరాతో 327 వేశాను. పక్కన నా సంతకం, ఈరోజు తేదీ. సాక్షి ఉంటే బాగుంటుందని కోడలికి కలం ఇచ్చాను.

"ఏం రాయాలి అత్తయ్యా?"

"ఏమీ రాయక్కర్లేదు. సంతకం పెట్టు. నీకు వచ్చు కదా."

పెట్టింది. గుండ్రంగా, బాగుంది. ఆ తర్వాత పేజీ చివర నేనే ఒక మాట చేర్చాను, ఆయనకు చెప్పడానికి ఇంకో చోటు లేదు కాబట్టి:

కొలిచినవారి చూపు సరిగానే ఉంది.